12,34,56,789 అనే సంఖ్యను చేతితో పూర్తిగా విశ్లేషించడం ఎలా?

ఒక పెద్ద సంఖ్యను ముందు పెట్టుకొని దాని కారణాంకాలు, ఇతర ధర్మాలు ఎలా కనుక్కోవాలో తెలియడం లేదని చాలామంది పాఠకులు పదే పదే అడుగుతున్నారు. వారిలో ఎక్కువ మంది కాలిక్యులేటర్ తీసి 3, 7, 11, 13 అంటూ వరుసగా భాగించుకుంటూ పోయి, పది పన్నెండు ప్రధాన సంఖ్యలు దాటేసరికి విసుగెత్తి వదిలేస్తున్నారు. ఇబ్బంది సంఖ్యలో కన్నా పనులు చేసే వరుసలోనే ఎక్కువగా ఉంది. ఏ పరీక్ష ముందు, ఏది తరువాత అన్నది సరిగా పాటిస్తే తొమ్మిది అంకెల సంఖ్యను కూడా కాగితం మీద ఒక గంటలో తేల్చవచ్చు.

ఈ మార్గదర్శిలో ఒకే సంఖ్యను మొదటి నుంచి చివరి దాకా తీసుకుంటాను: పన్నెండు కోట్ల ముప్పై నాలుగు లక్షల యాభై ఆరు వేల ఏడు వందల ఎనభై తొమ్మిది.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

☐ 61 వరకు ఉన్న 18 ప్రధాన సంఖ్యల పట్టిక: 2, 3, 5, 7, 11, 13, 17, 19, 23, 29, 31, 37, 41, 43, 47, 53, 59, 61.

☐ రెండు నిలువు గళ్లు గీసిన ఒక విడి కాగితం. ఎడమ గడిలో భాజకం, కుడి గడిలో శేషం రాయాలి.

☐ కాలిక్యులేటర్ వాడదలిస్తే కనీసం 10 అంకెలు చూపేది. ఎనిమిది అంకెల కాలిక్యులేటర్‌లో ఈ సంఖ్య పట్టదు.

☐ వర్గాల చివరి అంకెల నియమం: సంపూర్ణ వర్గం 0, 1, 4, 5, 6, 9 లలో ఒకదానితోనే ముగుస్తుంది. 5తో ముగిస్తే చివరి రెండు అంకెలు 25 కావాలి. 0తో ముగిస్తే చివర రెండు సున్నలు ఉండాలి.

వీటన్నింటిలో శేషాల కాగితాన్ని చాలామంది తేలికగా తీసుకుంటారు. "భాగింపబడలేదు" అని తెలియగానే ఆ శేషాన్ని పారేసి ముందుకు వెళతారు. అలా చేయవద్దు. ఇప్పుడు రాసిపెట్టుకున్న శేషాలే ఎనిమిదో అంచెలో మన జవాబు సరైనదో కాదో చెబుతాయి.

2. సంఖ్యను రాసుకోవడం, అంకెలను విడదీయడం

సంఖ్యను కామాలు లేకుండా ఒకసారి, మూడేసి అంకెలుగా విడదీసి మరొకసారి రాసుకోండి: 123456789, ఆ తరువాత 123 | 456 | 789.

మనం రోజూ వాడే కామాలు లక్షలు, కోట్ల పద్ధతిలో ఉంటాయి కాబట్టి 12,34,56,789 అని రాస్తాము. చదవడానికి అది బాగుంటుంది గాని, భాజనీయతా సూత్రాలకు ఆ విడదీత పనికిరాదు. ఎందుకో తరువాతి అంచెలో చూపిస్తాను.

రాస్తున్నప్పుడే గమనించవలసిన విషయం ఒకటుంది. ఇందులో 1 నుంచి 9 వరకు ప్రతి అంకె సరిగ్గా ఒక్కసారి వచ్చింది. ఆ తొమ్మిది అంకెలను ఎలా అటూ ఇటూ మార్చినా 3,62,880 సంఖ్యలు వస్తాయి. వాటన్నింటిలో చిన్నది మనదే.

3. భాగహారం అక్కరలేని పరీక్షలు

ఈ పరీక్షలకు కూడికలు, తీసివేతలు చాలు. కింది వరుసలోనే చేయండి.

*చివరి అంకెలు.* చివరి అంకె 9 కాబట్టి సంఖ్య బేసి, 5తో భాగింపబడదు. చివరి రెండు అంకెలు 89ని 4తో భాగిస్తే శేషం 1. చివరి మూడు అంకెలు 789ని 8తో భాగిస్తే శేషం 5. ఈ రెండు శేషాలను రాసిపెట్టండి, పదో అంచెలో అవసరమవుతాయి.

*అంకెల మొత్తం.* 1 + 2 + … + 9 = 45. ఇది 9 గుణిజం కాబట్టి సంఖ్య 9తో నిశ్శేషంగా భాగింపబడుతుంది. ఈ అంకెలను ఏ వరుసలో పేర్చినా మొత్తం 45 మారదు కాబట్టి పైన చెప్పిన 3,62,880 సంఖ్యల్లో ఒక్కటి కూడా ప్రధాన సంఖ్య కాలేదు.

*7, 11, 13లకు కలిపి ఒకే పరీక్ష.* 7 × 11 × 13 = 1001 కాబట్టి, మూడంకెల గుంపులను కుడి నుంచి ఒకదాన్ని కూడి, తరువాతి దాన్ని తీసివేస్తూ పోతే చాలు: 789 − 456 + 123 = 456. ఇప్పుడు పెద్ద సంఖ్యకు బదులు 456ను భాగించండి. 7తో శేషం 1, 11తో శేషం 5, 13తో శేషం 1. మూడూ భాగించవు.

కామాల పొరపాటు జరిగేది ఇక్కడే. లక్షల పద్ధతి కామాలనే గుంపులుగా తీసుకుంటే 789 − 56 + 34 − 12 = 755 వస్తుంది. దాన్ని 7తో భాగిస్తే శేషం 6, 11తో భాగిస్తే 7. రెండూ తప్పే. 13తో మాత్రం శేషం 1 అని సరిగానే వస్తుంది, కాని అది యాదృచ్ఛికం. ఇలా మూడింటిలో ఒకటి సరిపోవడం వల్లనే చాలామంది తమ పద్ధతి సరైనదని నమ్మేస్తారు.

*27, 37లకు.* 27 × 37 = 999 కాబట్టి, ఈసారి గుంపులన్నింటినీ కూడండి: 123 + 456 + 789 = 1368. మళ్లీ 1 + 368 = 369. దీన్ని 27తో భాగిస్తే శేషం 18, 37తో భాగిస్తే శేషం 36. రెండూ భాగించవు.

అంకెల మొత్తం 27తో భాగింపబడితేనే సంఖ్య 27తో భాగింపబడుతుందని కొందరు అనుకుంటారు. 3కీ 9కీ ఉన్న సూత్రం 27కు లేదు. 27 అంకెల మొత్తం 9 మాత్రమే అన్నది గుర్తుంచుకుంటే ఈ పొరపాటు మళ్లీ రాదు.

4. దొరికిన కారణాంకాన్ని తీసివేయడం

123456789 ÷ 9 = 13717421. ఈ భాగఫలం అంకెల మొత్తం 26, అది 3 గుణిజం కాదు. కాబట్టి మన సంఖ్యలో 3 సరిగ్గా రెండుసార్లే ఉంది.

ఇకపై పని అంతా 1,37,17,421 మీదనే. మొదటి సంఖ్యను పట్టుకొని కొనసాగించడం అనవసరమైన శ్రమ.

భాగఫలాన్ని కొత్త కాగితం మీదకు ఎక్కించేటప్పుడు ఒకసారి నేను 13717421కు బదులు 13714721 అని రాసి, అరగంట పైగా తప్పు సంఖ్యతో కుస్తీ పట్టాను. అంకెల మొత్తం రెండింటికీ 26 కాబట్టి ఆ పరీక్ష తప్పును పట్టలేదు. పక్కపక్కన ఉన్న అంకెలు తారుమారైతే పట్టేది 11 పరీక్ష. కుడి నుంచి ఒక అంకెను కూడి మరొకదాన్ని తీసివేస్తూ పోతే సరైన భాగఫలానికి −8, అంటే 11తో శేషం 3 వస్తుంది. 9 × 3 = 27, దాన్ని 11తో భాగిస్తే శేషం 5. మూడో అంచెలో రాసుకున్న శేషంతో ఇది సరిపోయింది. తప్పు రాసిన సంఖ్యకు శేషం 9, 9 × 9 = 81, దాని శేషం 4. సరిపోలేదు. ప్రతి భాగహారం తరువాత ఈ అర నిమిషపు పరీక్షను తప్పక చేయండి.

5. చిన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూడటం

7, 11, 13 ఇప్పటికే తేలిపోయాయి కాబట్టి 17తో మొదలుపెట్టండి. 1,37,17,421కి వచ్చే శేషాలు ఇవి: 17తో 2, 19తో 10, 23తో 14, 29తో 15, 31తో 14, 37తో 4, 41తో 10, 43తో 34, 47తో 1.

37 దగ్గర ఒక చిన్న సరిచూపు దొరుకుతుంది. ఇక్కడి శేషం 4ను 9తో గుణిస్తే 36, మూడో అంచెలో గుంపులు కూడినప్పుడు వచ్చినదీ 36.

50 దగ్గరికి రాగానే ఆగండి. ఇదే దారిలో మొండిగా ముందుకు పోతే ఏమవుతుందో ముందే చెబుతాను: 500వ ప్రధాన సంఖ్య 3571, ఈ సంఖ్యకు మొదటి కారణాంకం దొరికేది దాన్ని కూడా దాటిన తరువాతే.

6. వర్గాల భేదంతో విడగొట్టడం

ఇది ఫ్రెంచి గణిత శాస్త్రజ్ఞుడు ఫెర్మా పద్ధతి. ఒక బేసి సంఖ్యను రెండు వర్గాల భేదంగా రాయగలిగితే, ఆ రెండు మూలాల మొత్తం, వాటి భేదం రెండూ ఆ సంఖ్యకు కారణాంకాలు అవుతాయి. కారణాంకాలు రెండూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నప్పుడు ఈ పద్ధతి ఎంత వేగంగా ఫలిస్తుందో చూడండి.

1,37,17,421 వర్గమూలం 3703కు, 3704కు మధ్య ఉంది. కాబట్టి 3704తో మొదలుపెడతాము.

మొదటి ప్రయత్నం: 3704² = 13719616. ఇందులోంచి 13717421 తీసివేస్తే 2195. చివరి రెండు అంకెలు 95, అంటే ఇది వర్గం కాదు. వర్గమూలం తీయనవసరమే లేదు.

రెండో ప్రయత్నం: 3705² = 13727025. ఇందులోంచి 13717421 తీసివేస్తే 9604. ఇది 98².

అంతే. 3705 − 98 = 3607, 3705 + 98 = 3803. కాబట్టి 13717421 = 3607 × 3803. అయిదు వందలకు పైగా భాగహారాలు చేయవలసిన చోట రెండు తీసివేతలతో పని ముగిసింది. ఎన్నిసార్లు చేసినా ఈ క్షణం నాకు ఆనందంగానే ఉంటుంది.

3705²ను మొదటి నుంచి గుణించవలసిన పని కూడా లేదు. 3704² నుంచి 3705²కు వెళ్లాలంటే 3704 + 3705 = 7409 కలిపితే చాలు. అంటే 2195 + 7409 = 9604 అని నేరుగా వస్తుంది.

ముందుగా 9ని తీసివేయడం మరచిపోయినా ఈ సంఖ్య విషయంలో దారి మూసుకుపోదు. 11111² = 123454321, దానికి 2468 కలిపితే మన సంఖ్య వస్తుంది. తరువాతి వర్గం 11112² మన సంఖ్యను దాటిపోతుంది కాబట్టి ఇది సంపూర్ణ వర్గం కాదని కూడా తేలింది. 11112 నుంచి మొదలుపెడితే భేదాలు వరుసగా ఇలా ఉంటాయి:

11112: 19755. 55తో ముగిసింది, కాదు.
11113: 41980. చివర ఒకే సున్న, కాదు.
11114: 64207. 7తో ముగిసింది, కాదు.
11115: 86436 = 294². అవును.

దీనితో 10821 × 11409 వస్తుంది. ఈ రెండింటినీ 3తో భాగిస్తే మళ్లీ అవే 3607, 3803.

*ఈ పద్ధతి ఎక్కడ పనిచేయదు?* అంకెలను తిప్పి రాస్తే వచ్చే 98,76,54,321ను తీసుకోండి. 9ని తీసివేస్తే 10,97,39,369 మిగులుతుంది. అయిదో అంచెను వదిలేసి నేరుగా ఫెర్మా పద్ధతికి వెళితే 10476తో మొదలుపెట్టి 190005 వరకు, అంటే 1,79,530 ప్రయత్నాలు చేయాలి. అదే వరుస ప్రకారం వెళితే 17తోనే అది విరిగిపోతుంది, పైగా రెండుసార్లు: 98,76,54,321 = 3² × 17² × 3,79,721. అందుకే చిన్న ప్రధానాలు ముందు, ఫెర్మా తరువాత. ఫెర్మా పద్ధతిలో ఇరవై ముప్పై ప్రయత్నాలకు ఫలితం రాకపోతే ఆపి, అయిదో అంచెలో ఆగిన చోటి నుంచి భాగహారాలు కొనసాగించాలి.

7. దొరికిన ముక్కలు ప్రధాన సంఖ్యలేనా?

విడగొట్టగానే పని అయిపోయిందనుకోవడం తప్పు. 3607, 3803 ఇంకా విరగవని చూపించాలి.

ఒక సంఖ్య ప్రధానమో కాదో తేల్చడానికి దాని వర్గమూలం వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. 60² = 3600, 61² = 3721 కాబట్టి 3607కు 59 వరకు చూడాలి. 62² = 3844 కాబట్టి 3803కు 61 వరకు చూడాలి.

3607కు శేషాలు: 3తో 1, 7తో 2, 11తో 10, 13తో 6, 17తో 3, 19తో 16, 23తో 19, 29తో 11, 31తో 11, 37తో 18, 41తో 40, 43తో 38, 47తో 35, 53తో 3, 59తో 8.

3803కు శేషాలు: 3తో 2, 7తో 2, 11తో 8, 13తో 7, 17తో 12, 19తో 3, 23తో 8, 29తో 4, 31తో 21, 37తో 29, 41తో 31, 43తో 19, 47తో 43, 53తో 40, 59తో 27, 61తో 21.

రెండూ బేసి సంఖ్యలు, 5తో ముగియవు, ఎక్కడా శేషం సున్న కాలేదు. కాబట్టి రెండూ ప్రధాన సంఖ్యలే. ఇప్పుడు ధైర్యంగా రాయవచ్చు:

123456789 = 3² × 3607 × 3803

8. మూడో అంచెలోని శేషాలతో సరిచూడటం

ఇప్పుడు శేషాల కాగితాన్ని దగ్గర పెట్టుకోండి.

☐ 7తో: 9, 3607, 3803లకు శేషాలు 2, 2, 2. లబ్ధం 8, దాని శేషం 1. మొదట వచ్చినదీ 1.

☐ 11తో: శేషాలు 9, 10, 8. లబ్ధం 720, దాని శేషం 5. మొదట వచ్చినదీ 5.

☐ 13తో: శేషాలు 9, 6, 7. లబ్ధం 378, దాని శేషం 1. మొదట వచ్చినదీ 1.

బడిలో నేర్చుకున్న తొమ్మిదుల సరిచూపును ఇక్కడ వాడకండి. లబ్ధంలో 9 ఎలాగూ ఉంది కాబట్టి మిగిలిన రెండు కారణాంకాలు ఎంత తప్పుగా ఉన్నా ఆ పరీక్ష "సరే" అనే చెబుతుంది.

9. కారణాంకాల సంఖ్య, మొత్తం

ప్రతి ఘాతానికి 1 కలిపి గుణించాలి: (2 + 1) × (1 + 1) × (1 + 1) = 12. అంటే 12 కారణాంకాలు. వాటిని జతలుగా రాస్తే ఏదీ జారిపోదు:

1 × 123456789
3 × 41152263
9 × 13717421
3607 × 34227
3803 × 32463
10821 × 11409

కారణాంకాల మొత్తానికి ఒక్కో ప్రధానానికి విడిగా కూడి గుణించాలి: (1 + 3 + 9) × (1 + 3607) × (1 + 3803) = 13 × 3608 × 3804 = 17,84,22,816. ఇందులోంచి సంఖ్యను తీసివేస్తే 5,49,66,027 మిగులుతుంది. అది సంఖ్య కన్నా చిన్నది కాబట్టి ఇది పరిపూర్ణ సంఖ్య (తనను మినహాయించి మిగిలిన కారణాంకాల మొత్తానికి సమానమైన సంఖ్య) కాదు, దానికి చాలా తక్కువలోనే ఆగిపోయింది.

3²కు (1 + 9) అని రాసి మధ్యలోని 3ను మరచిపోవడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. అనుమానం వస్తే జతల పట్టికలోని 12 సంఖ్యలను నేరుగా కూడి చూడండి.

మన సంఖ్యతో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేనివి 1 నుంచి ఈ సంఖ్య వరకు ఎన్ని ఉన్నాయో చెప్పేది ఆయిలర్ ప్రమేయం. 3²కు 9 − 3 = 6, మిగిలిన రెండింటికి 3606, 3802. లబ్ధం 6 × 3606 × 3802 = 8,22,60,072.

10. వర్గాల మొత్తంగా రాయగలమా?

*రెండు వర్గాల మొత్తంగా* రాయలేము. 4తో భాగిస్తే శేషం 3 వచ్చే ప్రధాన కారణాంకం బేసి ఘాతంతో ఉంటే అది సాధ్యం కాదు. 3607కూ, 3803కూ శేషం 3, ఘాతం 1. మూడో అంచెలో మొత్తం సంఖ్యకు 4తో శేషం 1 అని రాసుకున్నాము. దాన్ని మాత్రమే చూసి "సాధ్యమే" అని తేల్చేవారు చాలామంది ఉన్నారు. శేషం 1 ఉండటం అవసరమే గాని అది ఒక్కటే చాలదు. శేషం 3 ఉన్న ప్రధానాలు రెండు కలిసి శేషం 1ని ఇవ్వగలవు, ఇక్కడ జరిగినదీ అదే.

*మూడు వర్గాల మొత్తంగా* రాయవచ్చు. 8తో భాగిస్తే శేషం 5 వచ్చిన ఏ సంఖ్యకైనా ఇది సాధ్యమే. రాసి చూపడం ఇలా: ఆరో అంచెలో 11111²కు పైన 2468 మిగిలింది. 2468 = 4 × 617. 617 = 19² + 16². రెండు మూలాలనూ రెట్టింపు చేస్తే 2468 = 38² + 32². కాబట్టి

123456789 = 11111² + 38² + 32²

*రెండు వర్గాల భేదంగా* ఆరు విధాలుగా రాయవచ్చు. తొమ్మిదో అంచెలోని ప్రతి జతకు ఒకటి వస్తుంది. జతలోని రెండింటి మొత్తంలో సగం ఒక మూలం, భేదంలో సగం మరొక మూలం. ఉదాహరణకు 3803, 32463 జత నుంచి 18133² − 14330² వస్తుంది.

11. మిగిలిన చిన్న ధర్మాలు

*త్రిభుజ సంఖ్యా?* 1 + 2 + 3 + … అని కూడితే వచ్చే సంఖ్యను 8తో గుణించి 1 కలిపితే సంపూర్ణ వర్గం రావాలి. ఇక్కడ 98,76,54,313 వస్తుంది. 3తో ఏ వర్గమూ ముగియదు కాబట్టి కాదు.

*తిప్పి రాసిన సంఖ్యతో గ.సా.భా.* 123456789 × 8 + 9 = 987654321. భాగహారంలో శేషం 9 కాబట్టి గ.సా.భా. 9.

*ద్విసంఖ్యామానం,* అంటే 0, 1లతోనే సంఖ్యను రాసే పద్ధతి. పదే పదే 2తో భాగించే బదులు 16తో భాగించండి, ఏడు భాగహారాలతో ముగుస్తుంది. శేషాలను చివరి నుంచి చదివితే 7, 5, 11, 12, 13, 1, 5. ఒక్కోదాన్ని నాలుగు ద్విసంఖ్యాంకాలుగా రాసి, ముందున్న సున్నను తీసివేస్తే 111 0101 1011 1100 1101 0001 0101. మొత్తం 27 స్థానాలు, వాటిలో 16 ఒకట్లు. 1ని 0001 అని కాకుండా ఉత్త 1గా రాయడం వల్లనే ఇక్కడ చాలా జవాబులు తప్పుతాయి.

12. స్వయంగా చేసి చూడటానికి

ఇదే వరుసలో 2,02,76,51,281ని ప్రయత్నించండి. ఫెర్మా 1643లో ఈ పద్ధతితో విడగొట్టి చూపిన సంఖ్య ఇదే. చిన్న ప్రధానాలేవీ దీన్ని భాగించవు. వర్గమూలం 45029 దాటి ఉంటుంది కాబట్టి 45030తో మొదలుపెట్టండి, పన్నెండో ప్రయత్నంలో 45041 దగ్గర 1020² కనిపించాలి. కనిపించకపోతే ఏదో ఒక భేదానికి తరువాతి బేసి సంఖ్యను కలపడంలో తప్పు జరిగి ఉంటుంది. 45041² − 2027651281ని విడిగా లెక్కించి, అక్కడి నుంచి వెనక్కి వస్తూ ఆ తప్పు ఏ మెట్టులో ఉందో పట్టుకోండి.